శుక్రవారం తుడిచేసిన కుకీలు

శోభారాణి ఆటో దిగేసరికి ప్రశాంత్ వెస్లీని గేటు వైపు నడిపించుకొస్తున్నాడు. దూరం నుంచి చూస్తే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్న స్నేహితుల్లా ఉన్నారు. దగ్గరికొచ్చాక తెలిసింది, ప్రశాంత్ చెయ్యి ఉన్నది వెస్లీ కాలర్ మీద.

"ఎక్కడికి సాబ్, పొద్దుగాల్నే?" అంది శోభారాణి.

"స్టేషన్‌కు. దొంగ దొరికిండు మేడం. మీకు ఆటో కిరాయి దండగ."

"ఎట్లాగూ దండగైంది, జర చాయ్ తాగి పోత. మీరిద్దరు గూడ లోపలికి నడవండ్రి. దొంగ ఎటూ పోడు గద, మీ చేతిలనే ఉన్నడు."

ప్రశాంత్‌ది సెక్యూరిటీ ఏజెన్సీ. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకూ గోదాములకూ కాపలా మనుషుల్ని పంపుతాడు. శోభారాణికి ఏజెన్సీ లేదు, ఆఫీసూ లేదు. ఒక ఫోనూ, భుజాన ఒక సంచీ పెట్టుకుని పదేళ్ళుగా ఈ జహీరాబాద్‌లోనే పరిశోధనలు చేస్తోంది. ఇద్దరూ ఒకే కేసులో ఎదురుపడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ తప్పు ప్రశాంత్‌దే అయినా, ఆ సంగతి అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

సత్యవతి తలుపు దగ్గరే నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేని ముఖం. చేతికి శుక్రవారం కట్టుకున్న తోరం ఇంకా అలాగే ఉంది.

ఆమె భయమంతా చెల్లెలు ప్రత్యూష గురించి. అల్లం వ్యాపారి మహిధర్ గోదాములో మంటలు లేచిన రోజున ఇద్దరు కూలీలు బయటికి రాలేక లోపలే చనిపోయారు. వెనక తలుపుకి బయట నుంచి తాళం వేయించింది మహిధరే అని చెప్పగల మనిషి ఒక్కతే, అక్కడ గుమాస్తాగా పనిచేసిన ప్రత్యూష. మంగళవారం కోర్టులో ఆమె ఆ మాట చెప్పాలి. బెదిరింపులు మొదలయ్యాక ఊరు వదిలి వెళ్ళింది. ఎక్కడికన్నది సత్యవతికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరైన భర్త హనుమంతరావుకు కూడా ఆమె చెప్పలేదు. కూలీల తరఫు లాయరు సాక్షికి రక్షణగా ప్రశాంత్‌ను పెట్టాడు. సత్యవతి అతనికీ చెప్పలేదు.

అలాంటిది నిన్న సాయంత్రం, సరిహద్దు అవతల హుమ్నాబాద్‌లో ప్రత్యూష ఉంటున్న ఇంటి తలుపు ఎవరో తట్టారు. పేరు పెట్టి పిలిచారు. ఆమె ఊపిరి బిగబట్టి లోపలే కూర్చుంది. వాళ్ళు వెళ్ళిపోయాక అక్కకు ఫోన్ చేసింది.

సత్యవతి మనసుకు ముందు తట్టింది బ్యాంకు. చెల్లెలి ఇంటి అద్దె ప్రతి నెలా ఆమే ఆన్‌లైన్‌లో పంపుతోంది. ఆ ఖాతా తెరిస్తే ఇంటి యజమాని చెన్నబసప్ప పేరూ, ఆయన బ్యాంకు శాఖ హుమ్నాబాద్ అనీ కనిపిస్తాయి. కంగారుగా ఖాతా తెరిచి చూసింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ పేజీ పైన చిన్న అక్షరాల్లో, చివరిసారి తెరిచింది శుక్రవారం ఉదయం పదీ నలభైకి అని ఉంది. ఆ సమయానికి ఆమె వరలక్ష్మీ వ్రతంలో పీట మీద కూర్చుని ఉంది.

వెంటనే శోభారాణికి ఫోన్ చేసింది. శోభారాణికి ఫోన్‌లో ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. రెండే పనులు చెప్పింది. పాస్‌వర్డ్ మార్చొద్దు. రాత్రికి పక్క ఊరు ఝరాసంగంలోని బస్వమ్మ ఖాతాకు ఒక నెల అద్దె అడ్వాన్సు అని రాసి పంపాలి. మిగతాది పొద్దున వచ్చి మాట్లాడతానంది. సత్యవతి సరేనండీ అని, చెప్పినట్టే చేసింది. లాయరుకూ సంగతి చెప్పింది; ఆయన ద్వారా తెలిసి ప్రశాంత్ పొద్దున్నే వచ్చి వెస్లీని పిలిపించాడు.

"ఇందులో పరిశోధించడానికి ఏమున్నది మేడం?" ప్రశాంత్ వెస్లీని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కాలర్ వదలకుండానే తనూ కూర్చున్నాడు. "ఈ ల్యాప్‌టాప్‌ల బ్యాంకు సెట్టింగులు చేసినోడు వెస్లీ. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు పక్కనే ఉన్నడు. ఇంక వేరే ఎవరికి తెలుసు?"

"పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను మొఖం అటు తిప్పుకున్న" అన్నాడు వెస్లీ. బస్టాండు వెనక కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది. "అమ్మనడగండి."

అవునండీ, గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు, అంది సత్యవతి.

శోభారాణి భోజనాల బల్ల మీదున్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వెస్లీ ఏం చేశాడో అతన్నే చెప్పమంది. అతను సంగతంతా వరసగా చెప్పాడు. రెండు నెలల క్రితం దాకా ఈ ఇంట్లో అన్నీ ఒకే బ్రౌజర్‌లో నడిచేవి. పాటలు, కూరగాయల ఆర్డర్లు, కరెంటు బిల్లు, బ్యాంకు, అన్నీ. ప్రత్యూష వెళ్ళిపోయాక సత్యవతి భయపడి అతన్ని పిలిచింది. అతను బ్యాంకు కోసం పసుపు రంగులో వేరే ప్రొఫైల్ చేశాడు. అందులో బ్యాంకు తప్ప ఇంకే సైటూ తెరవొద్దని చెప్పాడు. పాస్‌వర్డ్ దాచుకోవద్దని పెట్టాడు. మూసిన ప్రతిసారీ కుకీలన్నీ చెరిగిపోయేలా సెట్టింగు మార్చాడు.

"కుకీ అంటే ఏందో వీళ్ళకు గూడ చెప్పు" అంది శోభారాణి.

"సైటు మన కంప్యూటర్‌ల పెట్టి పోయే గుర్తు అక్కా. మళ్ళ పోతే ఆ గుర్తు చూసి తెలిసినోళ్ళే అనుకుంటది. గుర్తు లేకుంటే కొత్తోళ్ళ లెక్క చూస్తది."

"కొత్తోళ్ళు పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తే ఈ బ్యాంకు ఏం చేస్తది?"

"ఫోన్‌కు మెసేజ్ పంపుతది. కొత్త చోటు నుంచి మీ ఖాతా తెరిచిన్రు అని."

శోభారాణి సత్యవతి వైపు తిరిగింది. మీరు పసుపు ప్రొఫైల్‌లో ఖాతా తెరిచినప్పుడల్లా ఆ మెసేజ్ వస్తుందా అని అడిగింది. ప్రతిసారీ వస్తుందనీ, విసుగేసి ఒకసారి వెస్లీని కోప్పడ్డాననీ సత్యవతి చెప్పింది. మరి శుక్రవారం వచ్చిందా?

"లేదండీ. నిన్న రాత్రి ఒకటికి రెండుసార్లు వెతికాను. శుక్రవారం మెసేజే లేదు."

"అయితే శుక్రవారం ఖాతా తెరిచింది పసుపు ప్రొఫైల్‌ల కాదు" అంది శోభారాణి. "వెస్లీ కట్టిన ఇల్లు గట్టిగనే ఉన్నది సాబ్. ఆ కాలర్ మీద చెయ్యి జర తియ్యండి, చొక్కా నలుగుతున్నది."

ప్రశాంత్ చెయ్యి తీశాడు. "పసుపుది కాకుంటే ఇంకేది?"

ఆమె బ్రౌజర్ మూలన ఉన్న గుండ్రటి గుర్తు నొక్కింది. పసుపు దాని పక్కనే నీలం రంగు ప్రొఫైల్ ఉంది. పేరు 'ఇల్లు'. అది తెరిచి బ్యాంకు సైటుకు వెళ్ళింది. యూజర్ పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. దాని కింద పాస్‌వర్డ్ చుక్కలు కూడా. పక్కనున్న కన్ను గుర్తు నొక్కగానే చుక్కలు అక్షరాలయ్యాయి. సత్యవతి చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ అక్షరాలు ఆమె పుట్టింటి ఊరి పేరు.

వెస్లీ తల దించుకున్నాడు. "పాత దాంట్ల దాచిన పాస్‌వర్డ్ తీసెయ్యాలె. యాదికి రాలే అక్కా."

"ముందు తలుపుకు కొత్త తాళమేసి దొడ్డి తలుపు తీసిపెట్టినవు. తప్పే. కానీ దొంగతనం కాదు."

ఆమె బటన్ నొక్కింది. ఖాతా తెరుచుకుంది.

ప్రశాంత్ నవ్వాడు. "నాకు గూడ కొంచెం తెలుసు మేడం. మీ లెక్క ప్రకారం ఈ నీలం దాంట్ల పాత గుర్తు ఉండాలె, బ్యాంకు మెసేజ్ పంపొద్దు. ఇప్పుడు పంపిందా లేదా? ఫోన్ తెప్పించండి. మెసేజ్ వచ్చి ఉంటే మీరు చెప్పిందంతా తప్పు."

"వచ్చే ఉంటది. నాకేం ఫికర్ లేదు" అంది శోభారాణి. "సత్యవతమ్మా, ఈ మధ్య ఇందుల ఏమన్నా తేడాగ కనబడ్డదా? పాటల కాడనో, కూరగాయల కాడనో?"

సత్యవతి ఆలోచించింది. కూరగాయల సైటు మళ్ళీ ఇంటి అడ్రసు అడుగుతోందని చెప్పింది. యూట్యూబ్‌లో తను దాచుకున్న పాటలు ఒక్కటీ కనబడటం లేదు. అన్నీ కొత్తగా లాగిన్ అవమంటున్నాయి. ఎప్పటి నుంచి అని అడిగితే, శుక్రవారం వ్రతం అయ్యాక సాయంత్రం చూశానంది.

"విన్నరా సాబ్? శుక్రవారం పొద్దున ఈ నీలం దాంట్ల పాత గుర్తు ఉన్నది. అందుకే బ్యాంకు సప్పుడు చెయ్యలేదు. చూసినోళ్ళు చూసినంక కుకీలన్నీ తుడిచిన్రు. బ్యాంకు గుర్తుతోని పాటు కూరగాయల గుర్తు, పాటల గుర్తు గూడ పోయినయి. అందుకే ఇయ్యాల మెసేజ్ వస్తది. అడుగుజాడలు ఊడుద్దామని పోయి ఇంటి ముగ్గు గూడ ఊడ్చేసిన్రు."

"తుడవాలని వెస్లీకే తెలుస్తది."

"శుక్రవారం పొద్దున మా చర్చిల ఉపవాస ప్రార్థన" అన్నాడు వెస్లీ. "నేను కీబోర్డు వాయించిన. లైవ్ గూడ వచ్చింది. చూస్కోండి."



శోభారాణి లేచి గది చూసింది. లక్ష్మీదేవి కలశం పెట్టిన చోట గోడకు పసుపు మరక ఇంకా ఉంది. అక్కడి నుంచి భోజనాల బల్ల నాలుగు బారల దూరం. పీట మీద కూర్చున్న మనిషికి బల్ల వీపు వెనక పడుతుంది. శుక్రవారం ల్యాప్‌టాప్ ఎక్కడుందని అడిగింది. అక్కడే ఉందనీ, కథ చదవడానికి పంతులుగారు దొరక్క యూట్యూబ్‌లో పెట్టుకున్నామనీ సత్యవతి చెప్పింది.

"పెట్టింది మీరేనా?"

"నేను మడి కట్టుకున్నానండీ. ల్యాప్‌టాప్ ముట్టుకోను. ఎవరైనా పెట్టండమ్మా అన్నాను."

"ఎవరు పెట్టిన్రు?"

సత్యవతి తోరం ముడిని వేలితో తిప్పుతూ నిలబడింది.

శోభారాణి గొంతు తగ్గించింది. వచ్చినవాళ్ళెవరో తనకు అక్కర్లేదనీ, బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక్కరు చాలనీ అంది. మీ చెల్లెలి ప్రాణం దాని మీద ఉందని గుర్తుచేసింది.

"తెలుసండీ" అంది సత్యవతి. "నిన్నటి నుంచి నాకూ అదే అనుమానం. కానీ వ్రతానికి వచ్చిన ముత్తైదువ సాక్షాత్తు లక్ష్మీదేవి. కాళ్ళకు పసుపు రాసి, వాయనం ఇచ్చి, నా నోటితో ఆవిడ మీద నింద వెయ్యలేను. తప్పో ఒప్పో తెలియకుండా అసలే వెయ్యలేను."

"పొద్దుగాల నుంచి వెస్లీ మీద పడుతున్నది గూడ నిందనే గద."

సత్యవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏం చెప్పమంటారండీ? వాళ్ళాయన ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ ఇల్లాలి పేరు నా నోటితో ఎలా చెప్పను?"

గదిలో ఉన్న మగవాళ్ళు ఇద్దరే. వెస్లీకి ఇంకా పెళ్ళి కాలేదు.

శోభారాణి ప్రశాంత్ వైపు తిరిగి అతని ముఖంలోకి చూసింది. అతను వాచీ చూసుకున్నాడు. మూలనున్న ఫ్యాన్ స్విచ్ చూశాడు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, కావాలనే గట్టిగా నవ్వాడు.

"సరే మేడం. నాగరాణిని అడిగింది నేనే. ఏం చెయ్యాలె? సాక్షిని కాపాడుమని లాయరు నాకు పని ఇచ్చిండు. సాక్షి ఎక్కడున్నదో ఈమె చెప్పదు. కనబడని మనిషికి కాపలా ఎట్ల పెడతారు? మా ఆవిడను ఎట్లాగూ పూజకు పిలిచిన్రు. జర చూసి రమ్మన్న. పని అయినంక కుకీలు తుడువుమన్న. అంతే."

"అంతేనా? ఈ వెస్లీ సంగతి?"

"ఒక్కరోజు స్టేషన్ల కూసుంటే ఏమైతది? రేపు నేనే ఇడిపిస్తుంటి. లాయరుకు తెలిస్తే నా కాంట్రాక్టు పోతది." అతను సత్యవతి వైపు తిరిగాడు. ఇప్పుడు గొంతులో నిజంగానే ధీమా ఉంది. "అమ్మా, మీరు భయపడకండి. నిన్న హుమ్నాబాద్‌ల తలుపు తట్టింది మా మనిషే. శంకరప్ప అని, మా దగ్గర ఏండ్ల నుంచి ఉన్న గార్డు. మీ చెల్లె ఉన్నదో లేదో చూసి రమ్మన్న. ఏ ప్రమాదం లేదు."

సత్యవతి గోడకు ఆనుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పీడ వదిలిందండీ అంది.

శోభారాణి ముఖం మాత్రం వదులు కాలేదు. ఫోన్ ఎక్కడుందని అడిగింది. ఇందాక ప్రశాంత్ అడిగిన మెసేజ్‌ను సాక్ష్యంగా ఫోటో తీసి లాయరుకు పంపాలంది. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తుంటే సైలెంట్‌లో పెట్టి వంటింట్లో వదిలేశానంది సత్యవతి. వెస్లీ వెళ్ళి తెచ్చాడు.

బ్యాంకు మెసేజ్ వచ్చింది. కొత్త చోటు నుంచి ఖాతా తెరిచారని. టైము ఇప్పటిదే.

దాని కింద అలాంటిదే ఇంకొకటి ఉంది. ఈరోజు ఉదయం ఎనిమిదిన్నరది.

"సత్యవతమ్మా, పొద్దున మీరు ఖాతా తెరిచిన్రా?"

"లేదండీ. రాత్రి డబ్బు పంపాక మళ్ళీ ముట్టుకోలేదు."

"ప్రశాంత్ సాబ్, మీరు?"

"ఒట్టు, నేను చూడలే."

"పాస్‌వర్డ్ ఇంకెవరికి ఇచ్చిన్రు?"

అతను తడబడ్డాడు. నాగరాణి ఫోటో తీసి తనకు పంపింది. తను దాన్ని శంకరప్పకు పంపాడు. ఆ పిల్ల ఇల్లు మారితే, కొత్త అద్దె ఎవరికి వెళుతోందో చూసి చెప్పమని.

"చెప్పిండా మరి, పొద్దున చూసింది?"

ప్రశాంత్ ఫోన్ తీసి వెతికాడు. శంకరప్ప నుంచి ఒక్క కబురూ లేదు.

శోభారాణి తల ఊపింది. ఆమె కళ్ళలో ఒక చిన్న మెరుపు కనిపించింది. "భయపడకండమ్మా. నేను కోరుకున్నది ఇదే. పాస్‌వర్డ్ ఉన్నోడు మళ్ళ చూస్తడని నాకు తెలుసు. బస్వమ్మ మా మేనత్త. కొడుకు దగ్గర ఉంటున్నది, ఝరాసంగంల ఇల్లు ఉత్తదే. తాళమేసి ఉన్నది. ఎదురింట్ల మల్లప్పను కూసోబెట్టిన. ఎవడొచ్చి ఆ తాళం చూసి తిరిగిపోతడో, మహిధర్ మనిషి వాడే. వానికి దొరికేది ఉత్త తాళమే."

సత్యవతి గోడ పట్టుకుని లేచింది.

"ఉత్త ఇల్లా? మీరు అద్దె అడ్వాన్సు అన్నారు. మా చెల్లి కోసం అక్కడ ఇల్లు చూశారనుకున్నానండీ. రాత్రే దానికి ఫోన్ చేశాను. హుమ్నాబాద్‌లో ఒక్క పూట కూడా ఉండొద్దు, పొద్దున మొదటి బస్సుకు వచ్చేయ్, జహీరాబాద్‌లో దిగి ఆటోలో ఝరాసంగం వెళ్ళి బస్వమ్మ ఇల్లు అడుగు అన్నాను."

ఒక్క మాట, ఫోన్‌లో ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఉంటే సరిపోయేది. శోభారాణి అప్పటికే మల్లప్ప నంబర్ నొక్కి, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్న" అన్నాడు మల్లప్ప, హుషారుగా. "ఒక పిల్ల వచ్చింది. తాళం చూసి అరుగు మీద కూసుంది. జర సేపటికి ఒకాయన బండి మీద వచ్చిండు, ఖాకీ బట్టలు. సత్యవతక్క పంపింది, నీకు కాపలాగ వచ్చిన అని ఏదో కార్డు చూపెట్టిండు. పిల్ల నమ్మింది. ఎక్కించుకొని పోయిండు, గిప్పుడే."

"నువ్వు ఆపలేదా మల్లప్పా?"

"ఎవరొచ్చినా కదలకు, చూసుకుంట కూసో అన్నవు గద అక్కా. కదల్లే. బండి నంబర్ రాసుకున్న." నంబర్ చదివాడు. "కోహీర్ తోవ పట్టిన్రు."

నంబర్ పూర్తికాకముందే ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. "అది మా ఆఫీసు బండి" అన్నాడు. గొంతులో ధీమా లేదు.

శోభారాణి అతని ముందు చెయ్యి చాచింది. అతను మారు మాట్లాడకుండా జీపు తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

"మీరు పక్కన కూసోండ్రి. శంకరప్పకు ఫోన్ చేసుకుంటనే ఉండండ్రి, ఎత్తేదాక. వెస్లీ, నువ్వు లాయరుకు చెప్పు, స్టేషన్‌కు గూడ చెప్పు. ఈసారి నువ్వే ఫిర్యాదు ఇస్తవు."

ఆమె గుమ్మం దాటుతుండగా సత్యవతి వెనక నుంచి చెయ్యి పట్టుకుంది.

"కోహీర్ దారిలో మహిధర్‌కి ఇంకో గోదాము ఉందండీ. మా చెల్లి చెప్పేది. దానికి అసలు వెనక తలుపే లేదట."

శోభారాణి ఆ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలింది.

"మంచిదే" అంది. "ముందు తలుపు నుంచే పోత."